వంటాముదం బండి

మా బావను ఊళ్లో ఎవరూ ఉత్త భీమన్న అనలేదు. ఆముదం భీమన్న అనేవారు. ఉప్పునుంతలకు దగ్గరగా ఉండే ఆ ఊళ్లో ఒకప్పుడు ఎవరి చేనులో చూసినా ఆముదమే. ఆ లెక్కన ఆ పేరు ఊరందరికీ చెల్లుతుంది. కానీ ఆముదాన్ని బండికి తాగించినవాడు ఆయనొక్కడే.

ఆ బండి రాజ్‌దూత్. పెట్రోలులో నూనె కలిపి పోస్తే తప్ప నడవని పాతకాలపు మోటార్‌సైకిల్. పెళ్లయిన కొత్తలో మా అక్క అమృతమ్మను దాని మీదే అత్తగారింటికి తీసుకుపోయాడు. మా పుట్టిల్లు గద్వాలకు అవతల, కర్ణాటక సరిహద్దు పల్లె. బయలుదేరేటప్పుడు మా అమ్మ ఒక సీసా నిండా వంటాముదం పోసి, మూతకు గుడ్డ చుట్టి అక్క ఒడిలో పెట్టింది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను తీసి పెట్టుకున్నది అది. తలకు పనికొస్తుంది. రేపు కానుపయితే బిడ్డ ఒంటికీ పనికొస్తుంది.

బీచుపల్లి వంతెన దాటాక బండిలో పెట్రోలు అయిపోయింది. దగ్గర్లోని బంకులో పెట్రోలు దొరికింది గానీ కలిపే నూనె లేదు. నూనె లేకుండా నడిపితే ఇంజన్ పట్టేస్తుంది. బావ బండి చుట్టూ కాసేపు తిరిగాడు. తర్వాత అక్క ఒడిలోని సీసా వైపు చూశాడు.

ఈ సంగతి అక్క నాకు ఎన్నోసార్లు చెప్పింది, ప్రతిసారీ నవ్వుతూనే.

"అడుగుడు లేదు, ఏం లేదు. 'అమృతా, మీ అమ్మ నూనె మంచిదేనా?' అన్నడు. మంచిదే అన్న. గడగడ వోసిండు. వనపర్తి దాంక ఎనుకకు తిరిగి సూస్తే తొవ్వంత తెల్లటి పొగ. నాకు నవ్వాగలే మాలతీ. కొత్త పెండ్లికూతురు గట్ల నవ్వుతదా అని తొవ్వల వొయ్యెటోళ్లు సూస్తుండ్రు."

ఆనాటి నుంచి ఆ బండికి వేరే నూనె తెలియదు. చేనులో పండిందే, ఇంట్లో వండిందే. దాని పొగకు ఆముదం దీపం కొండెక్కినప్పటి వాసన ఉండేది, పసిబిడ్డకు నీళ్లు పోసిన ఇంటి వాసన కూడా. బండి చప్పుడు తర్వాత, ముందు వాసన ఇంటికి చేరేది. అక్క ఏ పనిలో ఉన్నా లేచి కొంగు సర్దుకొని పొయ్యి మీద పెనం పెట్టేది. బావ బండి దిగి కాళ్లు కడుక్కునే వేళకు జొన్నరొట్టె పొంగుతూ ఉండేది.

అరుగుల మీద కూర్చున్నవాళ్లకు ఆ పొగ ఒక వినోదం.

"భీమన్నా, బండికి కడుపు కడుగుతున్నవా?"

"ఎవలింట్లనో బాలింత ఉన్నట్టుందిరా, వాసనొస్తుంది."

బావ కూడా తగ్గేవాడు కాదు. "ఏ చెట్టు లేనికాడ ఆముదం చెట్టే పెద్దదంట. గీ ఊర్ల మోటర్‌సైకిల్ ఎవనికుంది? నాకే ఉంది. నవ్వుండ్రి, నవ్వుండ్రి. రేపు దవాఖానకు వోవాలంటే నా ఎనుకనే ఎక్కాలె."

అది నిజమే. పురిటి నొప్పులవాళ్లనూ పాము కరిచినవాళ్లనూ ఆ బండి మీదే మోశాడు. కానీ తన ఇంట్లో తొట్టె కట్టే భాగ్యం ఆయనకు రాలేదు. అక్కకు పిల్లలు నిలవలేదు. ఒకసారి బావ పెద్దమ్మ రాములమ్మ నలుగురిలో అనేసింది: "బాలింతకు వోయాల్సిన నూనె బండికి వోసె. ఇగ కడుపు యాడ పండుతది?" బావ ఆ మాట విని కండువా దులుపుకొని లేచి వెళ్లిపోయాడు. అక్కే జవాబు చెప్పింది. "నా బిడ్డ ఆ బండే పెద్దత్తా. పొగ ఇడుస్తది గని ఎదురు మాట్లాడదు."

ఆ తర్వాత చేలల్లోకి పత్తి వచ్చింది. ఆముదం గట్ల మీదికి, గట్ల మీది నుంచి కంచెల్లోకి జరిగి, చివరికి అక్కడా లేకుండా పోయింది. బావ అందరిలాగే కొత్త బండి కొన్నాడు. రాజ్‌దూత్‌ను కొట్టంలోకి నెట్టి, దాని మీద ఖాళీ ఎరువుల సంచులు వేశాడు. ట్యాంకులో, ఇంజన్‌లో మిగిలిన ఆముదాన్ని తీసేయాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. అది చెడిపోయే వస్తువని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు.

నా భర్త పోయాక నేను అక్క దగ్గరికి వచ్చేశాను. అప్పటికి అక్క బాగానే ఉంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, అంతే. తర్వాత వేయడమే మానేసింది. తర్వాత పక్కింటివాళ్ల పేర్లు పోయాయి. ఒకరోజు బావి దగ్గరికని వెళ్లి లింగాల తొవ్వలో దొరికింది. నాగర్‌కర్నూల్‌లో డాక్టరుకు చూపించాము. ఇది ముందుకే గానీ వెనక్కి నడిచే జబ్బు కాదని ఆయన మెల్లగా చెప్పాడు.

"ఎనుకటియి యాదికుంటయంట గద సారూ?" అని అడిగాడు బావ.

"ఉంటాయి. వాటిని కూడా ఎంతకాలమని చెప్పలేం."

బావ ఆ మొదటి మాట ఒక్కటే పట్టుకొని ఇంటికి వచ్చాడు.

ఒక ఉదయం ఆయన ఎప్పటిలాగే చాయ గ్లాసు పట్టుకొని అక్క ఎదురుగా కూర్చున్నాడు. అక్క కొంగు నెత్తి మీదికి లాక్కుంది. "ఎవలి కోసమొచ్చినవ్ పెద్దయ్యా?" అంది. బావ వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని. ఎవరూ లేరు. "ఇంట్ల మొగోళ్లు లేరు. ఆయన వచ్చినంక రా" అంది అక్క, ఎంతో మర్యాదగా.

"నేనే గద అమృతా."

"పేరు వెట్టి పిలుస్తున్నవేంది? సిగ్గులేదా?"

బావ చాయ గ్లాసు కింద పెట్టి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు. "మీ అక్క నన్ను ఎల్లగొట్టింది పిల్లా," అన్నాడు నాతో. ఆ రోజు నుంచి ఆయన పడక కొట్టంలోకి మారింది, ఎరువుల సంచుల పక్కకు. పగలు లోపలికి వచ్చేవాడు. చేయి కడిగి, బువ్వ కలిపి, ముద్దలు చేసి అక్కకు పెట్టేవాడు. అక్క తినేది. అడుక్కోవడానికి వచ్చినవాడిలా కాదు, సాయానికి వచ్చిన ముసలాయనలా చూసేది. "నువ్వు తిన్నవా పెద్దయ్యా?" అని అడిగేది. దానికాయన ఏ రోజూ జవాబు చెప్పలేకపోయాడు.

ఎదురింటి రజిత పురుడు పోసుకొని పుట్టింటి నుంచి బిడ్డతో వచ్చింది. లింగాలలో ఉండే వాళ్ల అమ్మమ్మ భాగ్యమ్మ ఒక సీసా వంటాముదం ఇచ్చి పంపింది. మర్నాడు బిడ్డకు వంటాముదం రాసి వేడినీళ్లు పోశారు. ఆ వాసన వీధి దాటి మా ఇంట్లోకి వచ్చింది. అక్క మంచం మీద నుంచి లేచింది. కొంగు సర్దుకుంది. నేరుగా వంటింట్లోకి పోయి పెనం అందుకుంది.

"ఏందక్కా?"

"బండొచ్చింది గద. ఆయన వచ్చిండు. రొట్టె ఎయ్యాలె."

బావ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో వచ్చిన మార్పు నేను చూశాను. చాలాకాలంగా ఆరిపోయి ఉన్న పొయ్యిలో ఎవరో ఊదినట్టయింది. అక్క మాత్రం ఆయనను పక్కకు జరగమని చేయి ఊపి, వీధిలోకి తొంగి చూసి, ఎవరూ కనబడక, పెనం ఎందుకు పట్టుకుందో మరచిపోయి నిలబడింది.

ఆ సాయంత్రమే ఆయన కొట్టంలో సంచులు తీశాడు.

"ఇదొక్కసారి నడిస్తే సాలు పిల్లా," అన్నాడు. "ఆ పొగల నుంచి నేను దిగిన్ననుకో, గుర్తువడ్తది. ఒక్కసారి 'ఏమయ్యా' అంటే సాలు."

సంచుల కింద బండి బండిలా లేదు. టైర్లు నేలకు అతుక్కున్నాయి. సీటులో ఎలుకలు పిల్లలను పెట్టాయి. ట్యాంకు లోపల తుప్పు. బావ కిక్ మీద కాలు పెట్టి తొక్కితే అది రాయిలా నిలబడింది. ఎంత బరువు వేసినా కదలలేదు.

ఆయన మెకానిక్ కాడు. ఆ బండిని ఇరవై ఊళ్లు తిప్పినవాడు గనుక దాని ఒళ్లు తెలుసు, అంతే. కొట్టం ముందు గోనె పరిచి ఒక్కొక్కటే విప్పాడు. ట్యాంకులో గులకరాళ్లు, చింతపండు పులుసు పోసి, తాడుతో వేపకొమ్మకు కట్టి ఊపమని నాకు చెప్పాడు. నేను ఊపుతుంటే అక్క వచ్చి తొట్టె అనుకొని "మెల్లగ, మెల్లగ" అంది. ట్యాంకులో నుంచి ఎర్రటి నీళ్లు వచ్చాయి. రాళ్లు మార్చాము, పులుసు మార్చాము. చివరికి తెల్లగా వచ్చింది. చువ్వలకు బూడిద రుద్దాడు. వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి. కొత్తవి లాగడానికి వనపర్తి నుంచి సామాను తెచ్చుకున్నాడు. సీటు కూడా అక్కడే కుట్టించాడు, మునుపటిలాగే నల్ల రెక్సిన్‌తో. వెనక కూర్చునే చోట కొంచెం ఎత్తు పెట్టించాడు, అక్కకు నడుము నొప్పి కదా అని. ఆమె మళ్లీ ఎక్కుతుందనే ఆయన లెక్క.

ఇంజన్ మాత్రం లొంగలేదు. తల విప్పి చూస్తే లోపల పిస్టన్ చుట్టూ తేనె రంగులో ఏదో గట్టిపడి ఉంది. కిరోసిన్ పోసి వదిలేశాడు. డీజిల్ పోశాడు. మరిగే నీళ్లు పోశాడు. కట్టె ఆనించి సుత్తితో కొట్టాడు. లాభం లేకపోయింది. ఇంజన్‌ను బండి నుంచి దించి గోనెలో మూటకట్టి, గద్వాల పోదాం పదమన్నాడు. అక్కను రజితకు అప్పజెప్పి నేనూ వెళ్లాను.

బస్సులో కండక్టరు మూటను కాలితో తట్టాడు. "ఏముంది పెద్దమనిషీ గిండ్ల? కోళ్లా?"

"ఇంజన్."

"ఆడోళ్లకు ఫ్రీ గని ఇంజన్లకు ఫ్రీ లేదు. టికెట్ తీస్కో."

"ఇది గూడ ఆడదే అనుకో. నా మాట ఇంటలేదు," అన్నాడు బావ. బస్సంతా నవ్వింది, ఆయనా నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడటం అదే ఆఖరు అనుకుంటాను.

గద్వాలలో ఇస్రాయేలు అని ఒక పాత మెకానిక్ ఉన్నాడు. బావ పెళ్లికొడుకుగా మా ఊరికి తిరిగిన రోజుల నుంచీ ఆయనకు ఆ బండి తెలుసు. షెడ్డు కొడుకు చేతికి వచ్చినా ఒక మూల ముక్కాలిపీట వేసుకొని కూర్చుంటాడు. మూట విప్పి, ఆ తేనె రంగు బంకను గోటితో గీరి, వాసన చూశాడు.

"యాకప్పా భీమన్నా, ఇంజన్ల తుమ్మబంక వండినవా?" అన్నాడు, కన్నడం కలిసిన ఆ సరిహద్దు తెలుగులో. "ఆముదమేనా ఇంక?"

"ఆముదమే."

"సూడు. నువ్వు తిప్పినన్ని దినాలు ఆముదమే దీన్ని కాపాడింది. నిలవెట్టినంక ఆ ఆముదమే పట్టేసింది. నడిస్తే నూనె, నిలవడ్తే బంక. బిడు, ఇడిసెయ్ దీన్ని, పాత సామాన్లకు ఏసెయ్."

"ఎయ్యను."

"గింత ముసలితనంల నీకు రాజ్‌దూత్ ఎందుకప్పా?"

బావ చెప్పాడు. అక్క సంగతి ఆయన బయటి మనిషికి చెప్పడం నేను వినడం అదే మొదలు. ఇస్రాయేలు ముక్కాలిపీట మీద నుంచి లేచాడు. తర్వాత కొడుకును కేకేసి థిన్నర్ డబ్బా తెమ్మన్నాడు. పొయ్యి మీద రేకు పెట్టి సిలిండర్‌ను కాచారు. థిన్నర్‌లో ముంచారు, మళ్లీ కాచారు. సాయంత్రానికి పిస్టన్ కీచుమని అంగుళం జరిగింది. రింగులు విరిగిపోయాయి. వేరేవి రాయచూరు నుంచి తెప్పించి, పంపుతానన్నాడు. బస్టాండు దాకా వచ్చి, బావ భుజం మీద చేయి వేసి, "ఇంజన్‌కైతే నాది పూచీ. చెల్లెకు ప్రార్థన చేస్త," అన్నాడు.

రింగులు వచ్చాయి. ఇంజన్ బండికి ఎక్కింది. మొదట దుకాణంలో కొన్న నూనె కలిపి స్టార్ట్ చేశాడు, ఇంజన్ సర్దుకునే దాకా అదే మంచిదని ఇస్రాయేలు చెప్పాడు కనుక. ఎన్ని కిక్కులు తొక్కాడో! చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చివరికి తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు వచ్చి బండి అందుకుంది. ఊళ్లో పాతవాళ్లు పరుగెత్తుకొచ్చారు. అక్క లోపలి నుంచి, "ఎవలిదో బండి, చెవులు వోతున్నయ్, దూరం వొమ్మనుండ్రి" అంది.

"చప్పుడు కాదు పిల్లా," అన్నాడు బావ. "వాసనే."

లింగాల వెళ్లి భాగ్యమ్మ దగ్గర గింజలు తెచ్చాడు. ఆ ముసలామె పెరట్లో మాత్రమే ఇంకా నాలుగు దేశవాళీ ఆముదం చెట్లున్నాయి. నేను గింజలు వేయించాను. రోట్లో పోసి దంచుతుంటే అక్క వచ్చి నిలబడింది. కాసేపు చూసి, "గట్లనా దంచేది? గింజ ఎగురుతుంది సూడు," అని నా చేతిలోంచి రోకలి తీసుకుంది. ఆమె దంచింది. పక్కకు తిప్పి, నడుమ పోటు వేసి, అంచు మీద ఎడమచేత్తో లోపలికి తోస్తూ. మా అమ్మ దంచినట్టే. నా పేరు తెలియదు, తన పేరు అడిగితే ఆలోచిస్తుంది. చేతులు మాత్రం ఒక్క గింజను బయటికి పోనివ్వలేదు. బావ గోడకు ఆనుకొని చూస్తూ ఉన్నాడు. "అన్నీ లోపల ఉన్నయ్ మాలతీ," అన్నాడు. "తొవ్వ దొరుకుతలేదంతే." నాకూ ఆ పూట అది నిజమేననిపించింది.

నూనె తేలింది, తీశాము. పెట్రోలులో కలిపి డబ్బాలో గలగలా ఊపి ట్యాంకులో పోశాడు. గడ్డం గీయించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఊరి బయట దాకా బండి తోసుకుంటూ పోయాడు, అక్కడి నుంచి స్టార్ట్ చేసుకొని రావాలని. పొద్దు వంగుతూ ఉంది. నేను అక్క పక్కన అరుగు మీద కూర్చున్నాను.

ముందు వాసనే వచ్చింది.

అక్క నిటారుగా కూర్చుంది. లేచి, జుట్టు ముడి విప్పి మళ్లీ వేసుకుంది. కొంగు సర్దుకుంది. ఆమె కళ్లు అంత స్పష్టంగా ఉండటం నేను చూసి చాలాకాలమైంది. "వచ్చిండు," అంది. "పెనం వెట్టు, పో. నేను నీళ్లు ఇస్త." తెల్లటి పొగ వీధి మలుపులో కనిపించింది, దాని ముందు బండి, బండి మీద బావ. అక్క చెంబు పట్టుకొని మెట్లు దిగింది. బావ బండి ఆపాడు, ఇంజన్ ఆపకుండా.

అక్క బండి మీద చేయి వేసింది. ట్యాంకును నిమిరింది. తర్వాత తల ఎత్తి ఆయన ముఖంలోకి చూసింది.

"దిగు పెద్దయ్యా," అంది. "ఆయన బండి అది. నీకెవలిచ్చిండ్రు?"

బావ చేతులు హ్యాండిల్ మీదే ఉండిపోయాయి.

"అడుగుతున్న గద! ఆయనేడి? ఏమన్న అయిందా ఆయనకు?" అక్క గొంతులో భయం మొదలైంది. చెంబులో నీళ్లు ఒలుకుతున్నాయి. "బండి నీకెట్ల దొరికింది? యాడ వడ్డడు ఆయన?"

అప్పుడు బావ ఇంజన్ ఆపి బండి దిగాడు. స్టాండు వేశాడు. "ఏం గాలేదమ్మా," అన్నాడు. "ఆయనే ఇచ్చిండు. గద్వాల వోయిండు. వస్తడు."

నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషిని ఆయన 'అమ్మా' అన్నాడు.

ఆయన వెంటనే ఆశ వదులుకోలేదు. అదే జరిగిన తప్పు. మర్నాడు నాగర్‌కర్నూల్ వెళ్లి జుట్టుకు, మీసానికి నల్లరంగు వేయించుకొని వచ్చాడు. పెళ్లినాటి ఫోటోలో ఉన్నట్టు పాపిడి తీశాడు. మళ్లీ వాసన వచ్చింది, అక్క మళ్లీ చెంబు పట్టుకొని దిగింది, మళ్లీ అదే జరిగింది. ఈసారి జాలిగా అంది: "గింత వయసుల రంగెందుకు పెద్దయ్యా?"

బండిని వీధి మలుపు వెనకే ఆపి కాలినడకన వచ్చి చూశాడు. చీకటి పడే వేళ వచ్చి చూశాడు, ముఖం సరిగా కనబడకపోతే గొంతునైనా గుర్తుపడుతుందేమోనని. అక్కకు గుర్తున్నవాడు పాతికేళ్ల పిల్లవాడు. బావ గొంతు కూడా ముసలిదయిపోయింది.

అంతకుముందు అక్కకు ఏదీ గుర్తులేదు కాబట్టి ఏ బాధా లేదు. ఇప్పుడు ఎదురుచూపు వచ్చింది. బండి ఇంట్లో ఉంది, వాసన ఉంది, మనిషి లేడు. పొద్దు వంగితే అరుగు మీదికి వచ్చి కూర్చునేది. బువ్వ పెట్టబోతే నోరు తిప్పుకునేది. "ఆయన తిన్నంక తింట." అన్నిటికంటే పెద్ద దెబ్బ వేరే. ఇన్నాళ్లూ చేతిముద్ద తిన్న ఆ ముసలాయనను ఇప్పుడు గడప తొక్కనివ్వడం లేదు. "ఆయనొచ్చే యాళ్లయింది. పరాయి మొగోడు ఇంట్ల ఉంటే ఏమనుకుంటడు? పో పెద్దయ్యా, నీకు పుణ్యముంటది."

బావ పోయేవాడు. వీధి చివర దాకా పోయి, మళ్లీ వెనక నుంచి వచ్చి కొట్టంలో కూర్చునేవాడు. అక్క ఎముకల గూడయింది. రాత్రి నేను పాలు తాగిస్తే సగం ఉమ్మేసేది.

"బండి తియ్యకు బావా," అన్నాను ఒకరోజు. "ఇగ వద్దు."

"తియ్యను," అన్నాడు. "నేనే రేపిన గద మాలతీ ఇదంత. సల్లగుండె ఆమె. నన్ను మరిసి సల్లగుండె."

ఆ మధ్యాహ్నం ఆయన మిగిలిన వంటాముదం అంతా కొట్టంలోకి తీసుకుపోయాడు. నేను వెళ్లి చూసేసరికి ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి ఇంజన్‌లోకి ఆముదం పోస్తున్నాడు. సన్నటి ధార, ఒక్క చుక్క కింద పడకుండా.

"ఏం చేస్తున్నవ్?"

"బంక వెడ్తున్న."

"మల్ల విప్పరాదు గద బావా?"

"విప్పద్దనే."

నిండాక ప్లగ్గు బిగించాడు. కిక్ మెల్లగా ఒకసారి తిప్పి, అంతటా పట్టించి వదిలేశాడు. కొత్త సీటు మీద చేయి ఆనించి కొంచెంసేపు నిలబడ్డాడు, వెనక ఎత్తు పెట్టించిన చోట. సంచులు కప్పి బయటికి వచ్చాడు. జుట్టు రంగు వెలిసే దాకా కూడా ఆగలేక గుండు గీయించుకున్నాడు. ఊళ్లో మొక్కా అని అడిగితే మొక్కే అన్నాడు.

ఎండాకాలం గడిచేసరికి అక్క ఎదురుచూడటం కూడా మరచిపోయింది. మళ్లీ ఆయన చేతిముద్ద తినడం మొదలుపెట్టింది. "నువ్వు తిన్నవా పెద్దయ్యా?" అని అడిగితే, "తిన్నమ్మా" అని జవాబు చెప్పడం ఆయన నేర్చుకున్నాడు.

పత్తి రెండో కలుపు తీసే రోజుల్లో, బావ చేనులో గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. తెచ్చి అరుగు మీద పడుకోబెట్టాము. అక్క లోపలి నుంచి వచ్చి చూసింది. గడప దగ్గర చతికిలబడి చాలాసేపు ఆ ముఖాన్నే చూసింది. నాలో ఏదో పిచ్చి ఆశ లేచింది.

"మంచోడుండె పాపం," అంది. "రోజు నాకు బువ్వ వెట్టెటోడు. ఈయనకు ఆడామె లేదా? ఏడ్చెటోళ్లు లేరా?"

వాకిట్లో ఉన్న ఆడవాళ్లంతా నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

పదో రోజున గాజులు తీసే వేళ వచ్చింది. ముసలమ్మలు చుట్టూ కూర్చున్నారు. ఒకామె అక్క చేయి పట్టుకోగానే అక్క రెండు చేతులూ కడుపులో దాచుకుంది. "ఎందుకు పలగొడ్తరు? మా ఆయన గద్వాల వోయిండు. వస్తడు. బండి గూడ ఇంట్లనే ఉంది." అని అందరి ముఖాలూ చూసింది. నాకు ఒకప్పుడు అదే గడపలాంటి గడపలో నా చేతులు పట్టుకున్నవాళ్లు గుర్తొచ్చి, లేచి అక్కకు అడ్డంగా నిలబడ్డాను. మాటలు పెరిగాయి. ఆచారం అన్నారు, ఊరికి అరిష్టం అన్నారు. రాములమ్మ, ఆ పాత మాట అన్న పెద్దమ్మే, ఇప్పుడు కర్ర లేకుండా నిలబడలేని మనిషి, కర్రతో నేల మీద తట్టింది.

"ఇడువుండ్రి," అంది. "దాని మొగడు సావలే. సచ్చినాయన ఎవలో."

అక్క చేతికి గాజులు ఇంకా ఉన్నాయి. నొసట బొట్టు రోజూ నేనే పెడతాను, పెట్టమని అడుగుతుంది కనుక. నన్ను 'ఎవలు బిడ్డా నువ్వు' అంటుంది. రజిత బిడ్డ నడుస్తున్నాడు. వాడికి ఇప్పుడు అంగట్లో కొన్న నూనె రాస్తున్నారు. ఆ వీధిలో ఆ వాసన మళ్లీ రాలేదు.

మొన్న కొట్టంలో గడ్డి సర్దుతూ ఎరువుల సంచులు ఒక పక్కకు తీశాను. కిక్ మీద కాలు పెట్టి నా బరువంతా వేసి తొక్కాను. కదలలేదు. బావ ఏ పనీ సగం చేసేవాడు కాదు.